మార్కుల మెమోల బతుకు రాసుంటదా?

పోయిన నెల మా ఊరి బస్టాండ్ కాడ చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి పక్కకు కూసున్నడు. బీటెక్ అయిపోయి రెండేండ్లయింది. అమీర్‌పేటల హాస్టల్ పైసలు కట్టలేక సామాన్ సర్దుకొని ఊరికి వచ్చిండు. జరసేపు ఏం మాట్లాడలే. తర్వాత మెల్లగ అడిగిండు.

"అన్నా, నేనూ మా రూమ్మేటూ ఒక్కటే కాలేజి, ఒక్కటే బ్రాంచి. మార్కులు కూడ అటిటుగ ఒక్కటే. ఆడు రెండో ఇంటర్వ్యూలనే సెలెక్ట్ అయిండు. నేను తొమ్మిదిటికి పోయిన. ఒక్కటీ కాలే. నాల ఏమన్న తక్కువున్నదా?"

ఆ మాట నాకు రాత్రంత నిద్ర పట్టనియ్యలే. ఎందుకంటే ఇరవై ఏండ్ల కింద గిదే మాట నన్ను నేను అడుక్కున్న. డిగ్రీ మధ్యలనే ఇడిసిపెట్టినోణ్ని నేను. నా సదువంత మండల లైబ్రరీల, సంఘం ఆఫీసుల పాత పేపర్ల నడుమ, ఇప్పుడు ఫోన్ల నడుస్తున్నది. ప్రొఫెసర్ను గాను. కాని ఒక్కటే సదువు సదివిన ఇద్దర్ల ఒకడు ఎందుకు ముంగటికి పోతడు, ఇంకొకడు ఎందుకు ఆగిపోతడు అని ఏండ్ల తరబడి లెక్కలు తీసినోళ్లు ఉన్నరు. వాళ్లు తేల్చింది చదివిన. నాకు సమజైన కాడికి మీకు చెప్త.

జవాబు ముందుగాలనే చెప్త. మనిషికీ మనిషికీ తేడాలు నిజంగనే ఉన్నయి. ఆ తేడాలు రేపటి గురించి కొంత చెప్తయి. ఆ "కొంత"ల కూడ నువ్వు నేర్చుకోగలిగింది మస్తున్నది. ఇగ మిగిలినదాంట్ల పెద్ద ముక్క నీ లోపల లేదు, నువ్వు పోయి తట్టిన తలుపుల ఉన్నది. ఈ రెండిటినీ విడదీసి చూడకపోతే మనం ఊకె మనల్నే తిట్టుకుంటం.

సక్సెస్ అంటే ఒక్క ముచ్చట గాదు

మన ఊర్ల సక్సెస్ అంటే ఏంది? హైటెక్ సిటీల కొలువు, బ్యాంకుల జీతం, పెండ్లి మాటలప్పుడు నాయిన గొంతు జర పెరుగుడు. గంతే అనుకుంటం. కాని లెక్క తీసేటోళ్లు దాన్ని మూడు ముక్కలు చేస్తరు. ఒకటి, కొలువు దొరుకుడు. రెండు, దొరికినంక పని మంచిగ చేసుడు. మూడు, ఏండ్లు గడుస్తుంటే ఎదుగుడు, అంటే జీతం, ప్రమోషన్, మనసుకు తృప్తి.

ఒకదానికి పనికొచ్చే గుణం ఇంకోదానికి పనికిరాకపోవచ్చు. 2005ల నలుగురు పరిశోధకులు అప్పటిదాక వచ్చిన కెరీర్ అధ్యయనాలను ఒక్క కాడికి తెచ్చి చూసిండ్రు. జీతం ఎంతొస్తది అన్నదానికి సదువు, అనుభవం, మనిషి పుట్టిన సామాజిక నేపథ్యం, వీటితోని లంకె గట్టిగ కనబడ్డది. నా కొలువుతోని నేను ఖుషీగ ఉన్ననా అన్నదానికి మనిషి స్వభావంతోని, పైనున్నోళ్లు ఇచ్చే ఆసరాతోని లంకె ఎక్కువ కనబడ్డది. అంటే లక్ష జీతం తీసేటోడు తృప్తిగ ఉన్నడని గాదు, పదిహేను వేల మీద బతికేటోడు ఓడిపోయిండనీ గాదు.

వంద జోడీల లెక్క

"ఫలానా గుణం ఉంటే సక్సెస్ అయితరు" అని యూట్యూబుల రోజుకొకడు చెప్తడు. ఎంత గట్టిగ చెప్తదో ఎవ్వడూ చెప్పడు. దాన్ని చూసేటందుకు ఒక సాదా లెక్క పెడుదాం.

ఒక్కటే పని చేసే ఇద్దర్ని తీసుకో. ఒక పరీక్షల ఒకడికి ఎక్కువ మార్కులు, ఇంకొకడికి తక్కువ. ఎక్కువ వచ్చినోడే రేపు పని కూడ మంచిగ చేస్తడా? ఇసొంటి వంద జోడీలు చూడు. పరీక్ష ఉత్తదైతే 50 జోడీలల్ల నిజమైతది, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. పరీక్ష పక్కాదైతే వందకు వంద నిజమైతది.

ఇప్పుడు అసలు సంగతి. 1998ల అమెరికాకు చెందిన ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనేటోళ్లు 85 ఏండ్ల పరిశోధనలను కలిపి, ఏ పరీక్ష ఎంత చెప్తదో పట్టిక వేసిండ్రు. 2022ల పాల్ సాకెట్, ఆయన తోటోళ్లు ఆ లెక్కలను మళ్ల తిరగేసి, పాత అంకెలు చానా కాడ ఎక్కువ చేసి చెప్పినయని దిద్దిండ్రు. ఆ దిద్దిన అంకెలను నేను మన జోడీల లెక్కలకు మార్చిన. సుమారుగ గిట్ల వస్తది:

- అందరికీ ఒక్కటే ప్రశ్నలు, ముందే అనుకున్న మార్కుల పద్ధతి ఉన్న ఇంటర్వ్యూ: వందల 64.
- ఆ పనికి కావల్సిన విషయం ఎంత తెలుసో చూసే పరీక్ష: 63.
- పని ముక్క ఒకటిచ్చి చేపిచ్చి చూసుడు: 61.
- తెలివి పరీక్ష, అంటే మనం చెప్పుకునే ఆప్టిట్యూడ్: 60.
- పనిల నిష్ఠ ఎంతున్నదో చూసే స్వభావ పరీక్ష: 56.
- నోటికొచ్చింది అడిగే ముచ్చట్ల ఇంటర్వ్యూ: 56.
- ఎన్నేండ్ల అనుభవం ఉన్నది అన్న లెక్క: 52.

మళ్ల ఒకసారి చూడు తమ్మీ. అన్నిటికంటె మంచి పద్ధతి పెట్టినా వందల 36 జోడీలల్ల ఉల్టా అయితది. తక్కువ మార్కులొచ్చినోడే మంచిగ పని చేస్తడు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని మొదలుపెట్టి పది నిమిషాలల్ల మొఖం చూసి తేల్చే ఇంటర్వ్యూ అయితే బొమ్మా బొరుసు కంటె జరంత నయం, గంతే. అసొంటి తొమ్మిది ఇంటర్వ్యూలు కలిసి కూడ "నీల తక్కువున్నది" అని రుజువు చెయ్యలేవు.

అట్లని ఈ అంకెలు ఉత్తయి అని కూడ అనకు. వెయ్యి మందిని తీసుకునే కంపెనీకి 50కీ 64కీ మస్తు తేడా. కాని ఒక్క మనిషి బతుకు గురించి తీర్పు చెప్పేటందుకు అవి చాలవు. కంపెనీకి పనికొచ్చే లెక్క వేరు, నిన్ను నువ్వు చూసుకునే అద్దం వేరు.

మరి మార్కుల సంగతేంది?

క్యాంపస్ డ్రైవ్ అనంగనే నోటీసు బోర్డు మీద ఒక లైను కనబడ్తది: పదో తరగతి నుంచి బీటెక్ దాక అన్నిట్ల 60 శాతం, బ్యాక్‌లాగులు ఉండొద్దు, సదువుల గ్యాపు ఉండొద్దు.

మార్కులకూ పనికీ లంకె లేదని నేను చెప్త లే. ఉన్నది. 1996ల ఈ ముచ్చట మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనం కాలేజి మార్కులకు, కొలువుల పనితనానికి లంకె ఉన్నదని చూపెట్టింది. దాంట్లనే ఇంకో మాట కూడ ఉన్నది. సదువు అయిపోయిన మొదటేడు ఆ లంకె గట్టిగ ఉంటది, ఏండ్లు గడిచినకొద్దీ సన్నబడ్తది. గూగుల్ కంపెనీల మనుషులను తీసుకునే విభాగం పెద్దగ ఉన్న లాస్లో బాక్ కూడ 2013ల గిట్లనే చెప్పిండు. అప్పుడప్పుడే కాలేజి నుంచి బయటికొచ్చినోళ్ల కాడ తప్ప మార్కులు తమకు పెద్దగ ఏం చెప్తలేవని.

ఇగ 61 శాతానికీ 59 శాతానికీ నడుమ గీత గీస్తే అది మనిషిని కొలిచినట్టు గాదు, గుంపును తగ్గించుకున్నట్టు. పదో తరగతి పరీక్షలప్పుడు నాయిన మంచంల పడి పత్తి ఏరబోయిన పిల్లకు 58 శాతం వచ్చింది అనుకో. ఆమె బీటెక్‌ల 78 తెచ్చుకున్నా ఆ పాత 58 ఎంటబడే వస్తది. మెమో మీద మార్కు ఉంటది. ఆ మార్కు ఎన్ని పనుల నడుమ వచ్చిందో ఉండది.

స్వభావం నిజంగ ఏం చెప్తది

ఇప్పుడు మనిషి లోపలి తేడాలకు వద్దాం. మనుషుల స్వభావాన్ని ఐదు పెద్ద గుణాల కింద కొలుస్తరు. పనిల నిష్ఠ, నలుగుర్ల కలుపుగోలు, మంచితనం, మనసు నిలకడ, కొత్తదాన్ని తెలుసుకోవాలనే ఆరాటం. 1991ల మర్రే బారిక్, మైకేల్ మౌంట్ అనేటోళ్లు 117 అధ్యయనాలను కలిపి చూసిండ్రు. అన్ని రకాల కొలువులల్ల, పోలీసు కానుంచి మేనేజర్ దాక, మిషన్ మీద పనిచేసేటోని దాక, పనికొచ్చిన గుణం ఒక్కటే దొరికింది. పనిల నిష్ఠ. అంటే ఒప్పుకున్న పని ఒప్పుకున్న టైముకు చేసుడు, ఎవ్వరు చూడకున్నా చేసుడు, సగంల ఇడిసిపెట్టకపోవుడు.

గలగల మాట్లాడే గుణం మరి? అది మేనేజర్లకు, అమ్మకాలు చేసేటోళ్లకు పనికొచ్చింది. మిగిలిన పనులకు అంతగ లెక్కకు రాలే. మన ఊరి పిల్లలు "నాకు నలుగుర్ల మాట రాదన్నా" అని ముడుచుకపోతరు. కోడ్ రాసుటానికి, లెక్కలు చూసుటానికి, ల్యాబుల పరీక్ష చేసుటానికి గలగల మాట అక్కెర లేదు. కాని ఇంటర్వ్యూ రూముల అదే ముందుగాల కనబడ్తది. మోసం అక్కడున్నది.

రెండో గుణం, తనంతట తాను కదులుడు. ఎవడో చెప్పేదాక ఆగకుండ తొవ్వ తానే ఎతుక్కునుడు. 1999ల అమెరికాల 496 మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంల ఈ గుణం ఎక్కువున్నోళ్లకు జీతం, ప్రమోషన్లు, తృప్తి మూడూ ఎక్కువున్నట్టు తేలింది.

మూడోది, "నేను ఈ పని చెయ్యగల" అనే నమ్మకం. కొలువు ఎతుక్కునే కాలంల ఈ నమ్మకం ఉన్నోళ్లు ఎక్కువ కాడ అడుగుతరు, ఎక్కువ రోజులు అడుగుతరు, అందుకే దొరికే వీలు పెరుగుతది. 2001ల వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఈ సంగతే చెప్పింది.

ఇవన్నీ మన అవ్వలు తెల్లారకముందే లేచి చేసే పనులల్ల ఉన్న గుణాలే. ఎండాకాలంల బోరు ఎండిపోతే ఇంకో తొవ్వ ఎతికిన నాయిన కాడ "తనంతట తాను కదిలే గుణం" లేదా? ఉన్నది. దానికి సర్టిఫికెట్ లేదు, గంతే.

ఇంటర్వ్యూ రూముల ఎవలిని కొలుస్తున్నరు?

గుణాలు ఇట్లుంటే, కొలిచేటోళ్ల కాడ ఏం జరుగుతున్నదో చూద్దాం. మన దేశం అంకెలే చెప్త.

సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ అనే పరిశోధకులు 2007ల ఒక అధ్యయనం అచ్చేసిండ్రు. ఇంగ్లీష్ పేపర్లల్ల వచ్చిన ప్రైవేటు కొలువుల ప్రకటనలు 548 తీసుకున్నరు. 66 వారాలు, 4,808 దరఖాస్తులు పంపిండ్రు. సదువు, అర్హతలు సమానం. మార్చింది పేరు ఒక్కటే. ఒక దరఖాస్తు మీద అగ్రకులం పేరు, ఒకదాని మీద దళిత పేరు, ఒకదాని మీద ముస్లిం పేరు. అగ్రకులం పేరుకు ఇంటర్వ్యూ పిలుపొచ్చే అవకాశం 100 అనుకుంటే, దళిత పేరుకు సుమారు 67, ముస్లిం పేరుకు సుమారు 33. మనిషిని చూడలే. మాట ఇనలే. పేరు చూసిండ్రు, గంతే.

అదే ఏడు సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ ఢిల్లీ చుట్టుపక్కల పెద్ద కంపెనీలల్ల మనుషులను తీసుకునే 25 మంది అధికారులతోని మాట్లాడిండ్రు. మేం టాలెంటే చూస్తం అని వాళ్లు చెప్పిండ్రు. ఇంటర్వ్యూల ఏం అడుగుతరు అంటే "కుటుంబ నేపథ్యం" అడుగుతం అన్నరు. నాయిన ఏం చేస్తడు, అమ్మ ఏం చేస్తది, ఎక్కడ పెరిగినవ్. ఆ జవాబుల నుంచి మనిషి నడవడిని పసిగడ్తరట. కైకిలికి పోయే అవ్వ కొడుకు ఆ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలె? నిజం చెప్తే మార్కు పోతది, అబద్ధం చెప్తే మనసు పోతది.

ఇగ ఇంగ్లీషు. 2013ల అచ్చైన ఒక అధ్యయనం దేశమంతటి సర్వే తీసుకొని లెక్కేసింది. సదువు, వయసు, కులం, ఉండే జాగ, అన్నీ సరిచూసినంక కూడ, ఇంగ్లీషు గడగడ మాట్లాడే మగోళ్లకు, అస్సలు రానోళ్ల కంటె గంట కూలి 34 శాతం ఎక్కువ. జరజర వచ్చినోళ్లకు 13 శాతం ఎక్కువ. ఇంగ్లీషు తెలివి గాదు, భాష. కాని మన కాడ దాన్ని తెలివి అని తూకం వేస్తరు. "కమ్యూనికేషన్ స్కిల్స్ వీక్" అని నిన్ను పంపిచ్చేసినప్పుడు జర ఆలోచించు. వాళ్లు కొలిచింది నీ బుర్రనా, నువ్వు సదివిన బడినా?

మా తమ్ముణ్ని అడిగిన, మీ రూమ్మేటు నాయిన ఏం చేస్తడని. లెక్చరర్ అట. మేనమామ ఐటీల ఉన్నడట. ఇంటర్వ్యూకు ముందు రెండు వారాలు ఆ మేనమామ ఫోన్ల మాక్ ఇంటర్వ్యూలు తీసుకున్నడట. ఆ పిలగాని కష్టాన్ని నేను తక్కువ చేస్త లే. ఆయన కూడ రాత్రులు మేలుకున్నడు. కాని పరుగు పందెంల ఇద్దరూ ఒక్క గీత కాడ నిలబడలే.

తేడాను పుట్టిచ్చేది కూడ ఉంటది

ఇంకో ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తిగాదు. ఉత్తరప్రదేశ్ ఊర్లల్ల కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఆరు, ఏడు తరగతుల పిలగాండ్లకు కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి, తొవ్వ కనుక్కుంటే పైసలిస్తం అన్నరు. 2006ల అది అచ్చైంది. ఎవలి కులం ఏందో బయటికి చెప్పకముందు అగ్రకులం పిల్లలు, కింది కులం పిల్లలు సమానంగనే చేసిండ్రు. అందరి ముంగట పేరు, కులం సదివి ఇనిపిచ్చినంక కింది కులం పిల్లల పని తగ్గిపోయింది.

అవే పిల్లలు, అవే బుర్రలు, అవే బొమ్మలు. మారింది రూముల గాలి. కాబట్టి "వ్యక్తిగత తేడా" అని మనం కొలిచేదాంట్ల కొంత తేడాను ఆ కొలిచే రూమే పుట్టిస్తది. తొమ్మిదో ఇంటర్వ్యూకు పోయే మనిషి మొదటి ఇంటర్వ్యూకు పోయిన మనిషి గాడు. ఎనిమిది సార్లు "లేదు" అనిపిచ్చుకున్న భయం ఎంటేసుకొని పోతడు. ఆ భయాన్ని చూసి "కాన్ఫిడెన్స్ లేదు" అని రాస్తరు.

ఆడబిడ్డలకు ఈ రూముకు ముందే ఇంకో రూము ఉంటది, ఇల్లు. పట్నం పోతా అంటే "ఒక్కదానివి ఎట్లుంటవ్?" అంటరు. రెండేండ్లు ఇంట్ల ఆపుతరు. తర్వాత కంపెనీ వాడు "ఈ గ్యాపు ఏంది?" అని అడుగుతడు. గ్యాపు పెట్టింది ఒకలు, జవాబు చెప్పాల్సింది ఆమె.

ఇగ కాలం సంగతి. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2023ల ఇచ్చిన రిపోర్టు సర్కారు సర్వే అంకెలనే తీసుకొని చెప్పింది. 25 ఏండ్ల లోపు గ్రాడ్యుయేట్లల్ల కొలువు కావాలనుకునేటోళ్లను తీసుకుంటే 42 శాతం మందికి పైగ కొలువు లేదు. 35 దాటినోళ్లల్ల అది 5 శాతం కంటె తక్కువ. అంటే వందల నలభై మంది ఒక్కసారిగ చేతగానోళ్లయిండ్రా? గాదు. మొదటి తలుపే ఇరుకుగ ఉన్నది. వయసు పెరిగినంక ఏదో ఒక పనిల కుదురుకుంటున్నరు. సదివిన సదువుకు తగిన పనినా అన్నది వేరే ప్రశ్న.

నీ చేతుల ఉన్నదేంది?

ఇదంత చదివి "అయితే ఎంత కష్టపడ్డా లాభం లేదు" అనుకుంటే నేను రాసింది దండుగ. నిష్ఠ, కదిలే గుణం, నమ్మకం, ఇవి పుట్టుకతోని వచ్చి అట్లనే ఉండిపోయేటివి గావు. మనుషులను ఏండ్ల తరబడి ఎంబడించి చూసిన 92 అధ్యయనాలను 2006ల కలిపి చూస్తే, పనిల నిష్ఠ వయసుతోని పెరుగుతదని, ఇరవై నుంచి నలభై నడుమ బాగ పెరుగుతదని తేలింది. ఇరవై రెండేండ్లకే "నేను గింతే" అని రాసుకోకు.

నేర్పితే వస్తదా అంటే, ఆఫ్రికాల టోగో అనే చిన్న దేశంల ఒక ప్రయోగం జరిగింది. లోమే పట్నంల 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు గుంపులు చేసిండ్రు. ఒక గుంపుకు మామూలు బిజినెస్ పాఠాలు, అంటే ఖాతాలు, లెక్కలు. ఇంకో గుంపుకు తనంతట తాను కదులుడు ఎట్లనో నేర్పిండ్రు. ముందే ఆలోచించుడు, కొత్తగ చేసుడు, అడ్డం వస్తే ఆగకపోవుడు. మూడో గుంపుకు ఏం నేర్పలే. రెండేండ్లకు పైగ చూసిండ్రు. కదులుడు నేర్చుకున్నోళ్ల లాభం 30 శాతం పెరిగింది. మామూలు పాఠాల గుంపుకు 11 శాతం, అది కూడ గట్టిగ నిలబడే అంకె గాదు. 2017ల ఇది సైన్స్ పత్రికల వచ్చింది. వాళ్లు గ్రాడ్యుయేట్లు గారు, మనలెక్క చిన్న బతుకుల మనుషులు. ఈ గుణం నేర్చుకుంటే వస్తదనేటందుకు అది గట్టి సాక్ష్యం.

కొలువు ఎతుకుడు కూడ ఒక విద్యనే. 2014ల 47 ప్రయోగాలను కలిపి చూసిండ్రు. కొలువు ఎతికే పద్ధతి నేర్పిన గుంపుకు, నేర్పనోళ్ల కంటె కొలువు దొరికే అవకాశం లెక్క 2.67 రెట్లు ఎక్కువున్నది. దాంట్ల ఏం నేర్పిండ్రు? ఎతికే నైపుణ్యం, తనను తాను మంచిగ చూపెట్టుకునుడు, గురి పెట్టుకునుడు, నమ్మకం పెంచుకునుడు, తోటోళ్ల సాయం తీసుకునుడు. దేనికీ లక్ష రూపాయల కోర్సు అక్కెర లేదు.

అందుకే నేను మా తమ్మునికి నాలుగు ముచ్చట్లు చెప్పిన.

ఒకటి, చేసి చూపెట్టు. మార్కులు మార్చలేవు గాని పని ముక్క చెయ్యగలవు. మన మార్కెట్ యార్డు ధరలు చూపెట్టే చిన్న యాప్ చెయ్యి, కిరాణ కొట్టు లెక్కల షీటు చెయ్యి. "నాకు వస్తది" అని చెప్పే బదులు "ఇదిగో చేసిన" అని ముంగట పెట్టు. చేపిచ్చి చూసుడు ముచ్చట్ల ఇంటర్వ్యూ కంటె నయమని పైన లెక్కనే చెప్పింది.

రెండు, దూరం సోపతిని ఇడువకు. 1973ల మార్క్ గ్రానోవెటర్ అనే ఆయన ఒక మాట చెప్పిండు. దగ్గరి దోస్తులకు నీకు తెలిసిందే తెలుస్తది, కొత్త కబురు అంతంత మాత్రం తెలిసినోళ్ల కానుంచి వస్తదని. 2022ల లింక్డ్‌ఇన్‌ల రెండు కోట్ల మంది మీద ఐదేండ్లు చేసిన ప్రయోగాలు కూడ, మరీ దగ్గరోళ్ల కంటె జర దూరపు పరిచయాలే కొలువు మారుటానికి ఎక్కువ పనికొచ్చినయని చూపెట్టినయి. మనకు ఐటీల మేనమామ లేడు. కాని మనకంటె నాలుగేండ్ల ముందు సదివిన సీనియర్ ఉన్నడు. హాస్టల్ అక్క ఉన్నది. సిగ్గుపడకుండ మెసేజ్ పెట్టు. "కొలువు ఇప్పియ్యి" అని గాదు, "అన్నా, పది నిమిషాలు నన్ను ఇంటర్వ్యూ చెయ్యి" అని అడుగు.

మూడు, ఒక్కనివి పోకు. ఊర్ల నలుగురు గ్రాడ్యుయేట్లుంటే వారానికి రెండు రోజులు లైబ్రరీల కూసోండ్రి. ఒకలను ఒకలు ప్రశ్నలు అడుగుండ్రి. ఇంగ్లీషుల తప్పులు మాట్లాడుండ్రి, నవ్వుకోండ్రి, మళ్ల మాట్లాడుండ్రి. రూమ్మేటుకు మేనమామ చేసింది మీకు మీరే చేసుకోవచ్చు.

నాలుగు, లెక్క రాయి. ఏ కంపెనీల ఏం అడిగిండ్రు, ఏ కాడ తడబడ్డవ్ అని నోటుబుక్‌ల పెట్టు. అప్పుడు "నేను పనికిరాను" అన్నది "నాకు డేటాబేస్ ప్రశ్నలు రాలే" అయితది. రెండోదానికి మందున్నది.

మన అందరి చేతుల ఉన్నదేంది?

ఒక్క మనిషి కష్టంతోని అన్నీ మారుతయంటే నేను సంఘంల ఇరవై ఏండ్లు ఎందుకు తిరుగుత?

ప్రశ్నలు అందరికీ ఒక్కటే ఉండాలె, మార్కుల పద్ధతి ముందే రాసుండాలె. ఇది దయ గాదు. కంపెనీలకు కూడ మంచి మనుషులు దొరికే తొవ్వ అదే అని సైన్సే చెప్తున్నది. ఇంటర్వ్యూల నాయిన పని, కులం తెలిసే ప్రశ్నలు బందు కావాలె. మొదటి వడపోతల పేరు కనబడకుండ చూడాలె. పదో తరగతి మార్కుల కట్ ఆఫ్ ఎందుకు పెట్టిండ్రో ప్రతి కాలేజి ప్లేస్‌మెంట్ సెల్ కంపెనీని అడగాలె. ప్రైవేటు కొలువులల్ల రిజర్వేషన్ లేదు, అందుకే ఈ నిఘా ఇంకా అక్కెర.

ఇది కాని పని గాదు. కేంద్ర సర్కారు కింది స్థాయి కొలువులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణల గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలు 2022ల తీసేసిండ్రు. కొలిచే పద్ధతి దేవుడు రాసింది గాదు. మనుషులు పెట్టిండ్రు, మనుషులు మార్చిండ్రు. సర్కారు డిగ్రీ కాలేజిల కొలువు ఎతికే విద్యను ఫైనలియర్‌ల పాఠంగ పెట్టుమని అడుగుదాం. పట్నంల కొలువు ఎతికే పిల్లలకు ఆర్నెల్లు హాస్టల్ ఇయ్యమని అడుగుదాం. ఆడబిడ్డలకు ముందుగాల ఇయ్యమని అడుగుదాం.

మా తమ్ముడు ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు లైబ్రరీకి వస్తున్నడు. ఇంకో ముగ్గుర్ని కూడ తెచ్చిండు. పదో ఇంటర్వ్యూకు పిలుపు ఇంకా రాలే. వస్తదో రాదో నేను చెప్పలేను. ఏ లెక్కా చెప్పలేదు.

"నాల ఏమన్న తక్కువున్నదా?" అని అడిగిండు గదా. నేను చెప్పిన. "ఉన్నది తమ్మీ. ఇంగ్లీషుల మాట్లాడే అలవాటు తక్కువున్నది, అది వస్తది. తెలిసిన మనుషులు తక్కువున్నరు, ఎతుకుదాం. మనిషివి మాత్రం నువ్వు తక్కువ గావు. అది కొలిచే మిషన్ ఏ కంపెనీ కాడ లేదు."